ముదురు రంగు చెక్కకి రంగు డబ్బా ఒక్కటే దిక్కు కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం పేజీల్లో ఇంటి ఫర్నిచర్ మీద వచ్చిన కథనం చదివాను. ముదురు రంగు చెక్క సామాన్లకి మళ్లీ గిరాకీ పెరిగిందని రాశారు. నిజమే, మా షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది ఫోన్‌లో ఫొటో చూపించి "ఇదే రంగు రావాలండి" అంటున్నారు. కానీ ఆ రంగు ఎక్కడి నుంచి రావాలో మాత్రం మీ కథనంలో లేదు. రోజ్‌వుడ్ దొరకదు, చేవ, అంటే దుంగ మధ్యలో ఉండే ముదురు గట్టి చెక్క, ఉన్న టేకు కొనేలా లేదు, కాబట్టి తెల్ల చెక్కకి రంగు పూసి పాలిష్ కొట్టించుకోవడమే గతి అన్నట్టు ముగించారు. ఇంకో దారి ఉంది. చెక్కనే లోపలిదాకా వేడి చేసి ముదురు రంగు తెప్పించే పద్ధతి యూరప్‌లో 1990ల నుంచి నడుస్తోంది. మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని వేల మంది వడ్రంగం మీద బతుకుతున్నారో, వాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో ఆలోచిస్తే బాధగా ఉంటుంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు రంగు పూసిన సామాను సంగతి చెప్తాను. మా ఊరాయన ఒకరు పెద్ద షోరూంలో రోజ్‌వుడ్ అని చెబితే నమ్మి డైనింగ్ టేబుల్ కొన్నారు. ఇల్లు మారేటప్పుడు కాలు గడపకి తగిలి అంచు చిట్లింది, బాగు చెయ్యమని నా దగ్గరికి తెచ్చారు. చిట్లిన చోట చూస్తే లోపల పాలిపోయిన పసుపు రంగు రబ్బరు చెక్క, పైన గోరుతో గీకితే ఊడొచ్చే పల్చటి ఎర్ర పొర. రబ్బరు చెక్క చెడ్డదని నేను అనను. తోటల్లో పాలు తగ్గిపోయిన చెట్లని కొట్టి తీసే చెక్క అది, మందు సరిగ్గా పట్టించి ఆరబెడితే మంచి సామానే అవుతుంది. దాన్ని రోజ్‌వుడ్ అని అమ్మడం మాత్రం మోసం. పైగా అలాంటి టేబుల్‌ని బాగు చెయ్యడం కూడా కష్టం, ఎంత జాగ్రత్తగా రంగు కలిపి పూసినా అతుకు తెలిసిపోతుంది, చిత్రిక పట్టి కొత్తగా చేద్దామంటే మొదటి తోపుకే రంగంతా పోయి తెల్ల చెక్క బయటపడుతుంది. తాతల నాటి బల్లని సన్నగా చిత్రిక పట్టి, మళ్లీ పాలిష్ వేసి, ఇంకో పాతికేళ్లు వాడుకునే అలవాటు మనది. పైపూత సామానుకి ఆ అవకాశమే లేదు.

అసలు ముదురు చెక్క ఎందుకు కరువైందంటే, చెట్టు ముదిరితేనే చేవ వస్తుంది, ముదిరేదాకా ఆగే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు. రోజ్‌వుడ్, అంటే మన అడవుల జిట్రేగి, నెమ్మదిగా పెరిగే చెట్టు. 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నీ అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న సైటిస్ జాబితాలోకి వెళ్లాయి, వెళ్లాల్సిందే, ఇంకా ముందే వెళ్లి ఉంటే బాగుండేది. టేకు సంగతి చూస్తే ఇప్పుడు కలప అడితుల్లో దొరికేదాంట్లో చాలా భాగం ఆఫ్రికా నుంచీ, దక్షిణ అమెరికా నుంచీ వచ్చే తోటల టేకు. చిన్న వయసులోనే కొట్టేస్తారు కాబట్టి దుంగ మధ్యలో కాస్త చేవ, చుట్టూ తెల్ల చెక్క. గుమ్మానికి ఒక కమ్మీ గోధుమ రంగులో, పక్క కమ్మీ సగం తెల్లగా వస్తుంటే ఇల్లు కట్టుకునేవాళ్లు మమ్మల్ని నిలదీస్తారు, మేమేమో మళ్లీ రంగు డబ్బా తీస్తాం.

ఇప్పుడు వేడి చేసే పద్ధతి గురించి. పొలం గట్టున గుంజ పాతేముందు అడుగు భాగం కాల్చి పాతడం మన రైతులకి తెలిసిందే, అయితే అక్కడ మారేది పైపొర మాత్రమే. ఇక్కడ మంట తగలదు. ఆరిన పలకల్ని గాలి చొరబడని స్టీలు గదిలో మధ్య మధ్య సందులు వదిలి పేరుస్తారు. మెల్లగా వేడి పెంచుతూ 130 డిగ్రీల దాకా తీసుకెళ్తే చెక్కలో తేమ దాదాపు సున్నాకి వస్తుంది. అక్కణ్ణుంచి 185 నుంచి 215 డిగ్రీల మధ్యకి పెంచి రెండు మూడు గంటలు ఉంచుతారు. అంత వేడిలో మామూలు గాలి ఉంటే చెక్క అంటుకుంటుంది, అందుకని గదిలో ఆవిరి నింపుతారు, కొన్ని ఫ్యాక్టరీల్లో గాలి మొత్తం తోడేస్తారు, జర్మనీలో వేడి నూనెలో ముంచి చేసే పద్ధతి కూడా ఉంది. చివర్లో చల్లారుస్తూ మళ్లీ 4 నుంచి 7 శాతం తేమ ఎక్కిస్తారు, లేకపోతే చెక్క మరీ పెళుసుగా ఉండి పనికి లొంగదు. రసాయనాలేవీ కలపరు, ఆవిరి పద్ధతిలో ఉన్నది వేడీ ఆవిరీ మాత్రమే.

లోపల జరిగేది తెలిస్తే దీని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. చెక్కలో సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్ అని మూడు ముఖ్యమైన పదార్థాలు ఉంటాయి. వేడికి ముందు విరిగేది హెమీసెల్యులోజ్. నీటిని బాగా పట్టుకునేది అదే, చెక్కని కుళ్లబెట్టే శిలీంధ్రాలకి సులువుగా దొరికే తిండీ అదే. అది విరిగిపోయాక చెక్క గాలిలోని తేమని మునుపట్లా పీల్చుకోదు, ఎంత బాగా చేశారన్నదాన్ని బట్టి పీల్చే తేమ దాదాపు సగానికి తగ్గుతుంది. ఆ క్రమంలోనే రంగు కూడా ముదురుతుంది. తక్కువ వేడికి తేనె రంగు, ఇంకా పెంచితే కాఫీ రంగు, ఆ పైన చాక్లెట్ రంగు. ఫిన్లండ్‌లో వీటీటీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ 1990లలో దీన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చింది, అక్కడి కంపెనీలు థర్మోవుడ్ పేరుతో అమ్ముతున్నాయి. వాళ్లు పైన్, స్ప్రూస్ అనే మెత్తటి చెక్కలు ఎక్కువ చేస్తారు. యాష్, బర్చ్ లాంటి గట్టి చెక్కలకి 185 డిగ్రీల దగ్గర ఒక తరగతి, 200 డిగ్రీల దగ్గర ఇంకో తరగతి అని విడదీసి, ఏది ఇంట్లో సామానుకి, ఏది బయట ఎండావానల్లో పెట్టే పనికి అన్నది స్పష్టంగా చెబుతారు. అమెరికాలో ముదురు రంగు వాల్‌నట్ చెక్క ధర భరించలేని చిన్న వర్క్‌షాపుల వాళ్లు వేడి చేసిన యాష్, పాప్లర్ వాడుతున్నారు, గిటార్లు చేసేవాళ్లు మెడ భాగానికి వేడి చేసిన మేపుల్ కోరి మరీ కొంటున్నారు, వాతావరణం మారినా మెడ వంగదని.

హైదరాబాద్‌లో ఒక విల్లా పని దగ్గర కాంట్రాక్టర్ మిగిల్చిన, ఇలా వేడి చేసిన యాష్ ముక్కలు కొన్ని నా చేతికొచ్చాయి, అప్పటినుంచే నాకు దీని మీద ఇంత గురి. రంపం పెట్టగానే వర్క్‌షాపంతా బెల్లం పాకం ముదిరినప్పటి వాసన. కోసిన అంచు చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే కాఫీ రంగు, ఎక్కడా తెల్ల చార లేదు, ఎంత చిత్రిక పట్టినా అదే రంగు. యాష్‌కి ఉండే పెద్ద పెద్ద గీతలు రంగు పూస్తే మసకబారతాయి, ఇందులో మాత్రం ఇంకా తేటగా లేచి కనబడ్డాయి. చేతిలోకి తీసుకుంటే అంత సైజు మామూలు ముక్క కన్నా తేలిక. చిత్రికలోంచి వచ్చే పొట్టు మామూలుగా చుట్టలు చుట్టలుగా వస్తుంది కదా, ఇది పట్టుకోగానే పొడిపొడి అయిపోయింది. దాన్ని చూస్తేనే తెలుస్తుంది ఈ చెక్క పెళుసెక్కిందని. రెండు పూతలు నూనె పట్టించి ఆరబెట్టి చూపిస్తే షాపుకి వచ్చినవాళ్లు ఇదేం చెక్కండీ అని అడగనివాళ్లు లేరు.

మా గోదావరి జిల్లాల్లో పని చేసేవాళ్లకి రంగు కన్నా ముఖ్యమైనది ఈ తేమ సంగతి. మే నెల వడగాడ్పులకి చెక్క కుంగి తలుపు రెక్కల మధ్య వేలు పట్టే సందు వస్తుంది, శ్రావణం వచ్చేసరికి అదే తలుపు ఉబ్బి బిగుసుకుపోయి భుజంతో తోయాల్సి వస్తుంది. కొత్తగా ఏసీ గదులొచ్చాక ఇంకా కష్టం, తలుపుకి ఒక వైపు పొడి గాలి, రెండో వైపు తడి గాలి, పలక అడ్డంగా వంగిపోతుంది. తప్పు వడ్రంగిదే అంటారు, డబ్బు ఆపేస్తారు, మళ్లీ పిలిచి చిత్రిక పట్టిస్తారు. తేమ పీల్చడం తగ్గిన చెక్కతో తలుపు మధ్య పలకలు, అల్మరా రెక్కలు, టేబుల్ పైభాగాలు చేస్తే ఈ తగువుల్లో చాలా వాటికి చోటే ఉండదు. ఉబ్బడం కుంగడం బొత్తిగా పోతుందని చెప్పను, బాగా తగ్గుతుంది.

ఇక దీని లోపాలు కూడా దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటిది కొత్తగా వచ్చినప్పుడు అమ్మేవాళ్లు ఆకాశానికి ఎత్తేస్తారు, కొన్నవాళ్లు ఏడాదికి తిట్టుకుంటారు, మంచి వస్తువు పేరు పోతుంది.

మొదటిది చెదలు. వేడి చేసిన చెక్క కుళ్లకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది, అది నిజం. చెదలు పట్టదని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. నేలలో పాతే గుంజలకి, మట్టికి తగిలే గడపలకి ఇది పనికిరాదని ఫిన్లండ్ వాళ్లే చెబుతారు. మన నేలల్లో చెదల బెడద ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు, ఇంటికి చెదల మందు ఎప్పట్లాగే కొట్టించుకోవాల్సిందే. రెండోది బలం. వేడి పెరిగేకొద్దీ వంపుని తట్టుకునే శక్తి తగ్గుతుంది, గట్టిగా వేడి చేస్తే 30 శాతం దాకా పోవచ్చు. దూలాలకి, మెట్లకి, మంచం పట్టెలకి, సన్నటి కుర్చీ కాళ్లకి వాడకూడదు. ఉయ్యాల బల్లకైతే అసలు వద్దు, పిల్లలు ఎక్కి గెంతేది. మూడోది ఎండ. బయట పెట్టి వదిలేస్తే ఆ అందమైన రంగు కొన్ని నెలల్లోనే వెలిసి బూడిద రంగుకి వస్తుంది, ఇంట్లో కూడా కిటికీ పక్కన ఎండ పడే చోట నెమ్మదిగా పాలిపోతుంది. ఎండని ఆపే గుణమున్న, కాస్త రంగు కలిసిన నూనె పూస్తే ఆలస్యమవుతుంది, బయట పెట్టిన సామానుకైతే మళ్లీ మళ్లీ పూస్తూ ఉండాలి.

తోటి వడ్రంగులు ఎవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే పనిలో తెలుసుకోవాల్సినవి కొన్ని చెబుతాను. స్క్రూ నేరుగా దించొద్దు, ముందు బెజ్జం వెయ్యండి, అంచుకి మరీ దగ్గరగా వెయ్యకండి, చీలిపోతుంది. మేకు కొట్టడం అయితే మానుకోవడమే మంచిది. ఈ చెక్కలో కొంచెం ఆమ్ల గుణం మిగిలి ఉంటుంది కాబట్టి తడి తగిలే చోట మామూలు ఇనుప స్క్రూలు తుప్పు పట్టి చుట్టూ నల్ల మరక వేస్తాయి, స్టెయిన్‌లెస్ స్టీల్ వాడండి. మనం రోజూ వాడే తెల్ల జిగురులోని నీటిని ఇది త్వరగా పీల్చుకోదు, కాబట్టి క్లాంపు ఎక్కువసేపు బిగించి ఉంచాలి, తొందరపడి విప్పితే జాయింటు ఊడొస్తుంది. బ్లేడు పదునుగా లేకపోతే కోసిన అంచు ముక్కలు ముక్కలుగా లేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం దుమ్ము. మామూలు చెక్క పొట్టు కన్నా చాలా సన్నగా, పొడిగా ఉండి గాల్లో చాలాసేపు తేలుతుంది. సాండింగ్ మెషిన్ పట్టే కుర్రాళ్లకి మాస్కు లేకుండా ఈ పని అప్పజెప్పొద్దు, ముక్కుకి తువ్వాలు చుట్టుకుంటే చాలదు. ఇంకొకటి, ఒక సామానుకి కావాల్సిన చెక్కంతా ఒకే విడతలో వేడి చేసినది తీసుకోండి, విడత మారితే రంగు కొద్దిగా తేడా వస్తుంది. సరదాగా చెక్కపని చేసుకునే పిల్లలు కొందరు ఇంట్లో కేకు ఒవెన్‌లో ముక్కలు పెట్టి చూద్దామనుకుంటారు, దయచేసి ఆ పని చెయ్యకండి, పొగా ఆమ్లపు ఆవిర్లూ వస్తాయి, అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు నేను అసలు అడగదలుచుకున్నది. ఈ చెక్క ఇప్పటికీ మన దగ్గరికి ఎక్కువగా విదేశాల నుంచి ఓడల్లోనే వస్తోంది, హైదరాబాద్, బెంగళూరులలో డబ్బున్నవాళ్ల ఇళ్ల బయటి గోడలకీ ఈత కొలను పక్క నేలకీ పోతోంది. ఆ ధరకి మాలాంటివాళ్లం కొనలేం, మా దగ్గరికి వచ్చే మధ్యతరగతి వాళ్లూ కొనలేరు. కానీ వేడి చెయ్యడానికి తెల్ల చెక్క మన దగ్గరే బోలెడు ఉంది. కాపు తగ్గిన ముసలి మామిడి చెట్లు కొట్టేస్తే ఆ చెక్క పండ్ల పెట్టెలకీ సెంట్రింగ్ బల్లలకీ ఇటుక బట్టీలకీ పోతోంది. జామాయిల్, సుబాబుల్ రైతు పేపర్ మిల్లు ఎంత ధర ఇస్తే అంతకే అమ్ముకోవాలి. మలబార్ వేప కూడా రెండు రాష్ట్రాల్లో రైతులు బాగానే వేశారు, అది ప్లైవుడ్‌కి పోతుంది. వీటిలో ఏది వేడికి తట్టుకుంటుందో, ఏది పగులుతుందో, ఏ డిగ్రీల దగ్గర ఏ రంగు వస్తుందో ఒక్కో చెక్కకి విడిగా పరీక్షించి చూడాలి. సుబాబుల్‌ని మూడు నాలుగేళ్లకే కొట్టేస్తే పలక కొయ్యడానికే లావు చాలదు, కొన్నాళ్లు ఆగమని రైతుకి చెప్పాలంటే ఆ ఆగినందుకు ధర ఎంత వస్తుందో ముందు తేల్చాలి. నన్నడిగితే తోటల టేకుతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే వేడి చేస్తే తెల్ల చెక్కకీ చేవకీ మధ్య రంగు తేడా తగ్గుతుంది, అడితిలో పక్కన పారేసే పలకలు గుమ్మం కమ్మీల పక్కన పెట్టగలిగేలా వస్తాయి.

ఇది గాల్లో మాట కాదు. బెంగళూరులో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ శాస్త్రవేత్తలు రబ్బరు చెక్క, సిల్వర్ ఓక్ మీద ఈ వేడి పద్ధతి ప్రయోగాలు చేసి ఫలితాలు ప్రచురించారు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగు దగ్గర అటవీ కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులకి మన మామిడి, మన జామాయిల్, మన తోటల టేకు ఇచ్చి చూడమంటే ఎంత ఉపయోగం. ఫలితాలు ఇంగ్లిష్ పత్రికల్లో వేసి వదిలెయ్యకుండా, ఏ చెక్కకి ఎంత వేడి అన్నది ఒక కాగితం మీద తెలుగులో రాసి సామిల్లుల్లో గోడకి అంటిస్తే ఇంకా మంచిది.

ఇక డబ్బు సంగతి. 2023 సెప్టెంబరులో కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది, అందులో ఉన్న 18 వృత్తుల్లో మా వడ్రంగం ఒకటి. పనిముట్లకి 15,000 రూపాయలు ఇస్తున్నారు, మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తున్నారు. మంచి పథకమే, దాంతో డ్రిల్లు మెషినో రంపం మెషినో వస్తుంది. 200 డిగ్రీల ఆవిరి గది మాత్రం ఏ ఒక్క వడ్రంగీ పెట్టుకోగలిగేది కాదు. కొన్ని సామిల్లుల్లో చెక్క ఆరబెట్టే గదులు ఉన్నాయి గానీ అవి ఇంత వేడికి పనికొచ్చేవి కావు. చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం కింద అందరూ కలిసి వాడుకునే ఉమ్మడి కేంద్రాలకి కేంద్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. అలాంటి కేంద్రం ఒకటి రాజమండ్రిలోనో, ఒకటి వరంగల్‌లోనో పెట్టి, వడ్రంగి తన చెక్క తెచ్చుకుని ఘనపుటడుగుకి ఇంత అని డబ్బు కట్టి వేడి చేయించుకునే ఏర్పాటు చేస్తే చాలు. పిండిమర పెట్టమన్నట్టే అడుగుతున్నాం, ఫ్యాక్టరీ ఉచితంగా కట్టివ్వమని కాదు. పరిశ్రమల శాఖ అధికారులు దీన్ని చదివితే, ముందుగా మా పని చోట్లకి వచ్చి ఏడాదికి ఎంత చెక్క వాడతామో లెక్క తీసుకోండి.

షాపుల వాళ్లకి కూడా ఒక మాట. బిల్లు మీద చెక్క పేరు రాయండి, వేడి చేసినదా, రంగు పూసినదా అన్నది రాయండి. రేపు ఈ చెక్క ఇక్కడ దొరికితే దాన్ని కూడా రోజ్‌వుడ్ పేరుతోనే అమ్ముతారేమోనని నా భయం. వేడి చేసిన మామిడి చెక్కని వేడి చేసిన మామిడి చెక్క అనే అమ్మండి, అందులో నామోషీ ఏముంది? కొనేవాళ్లు బిల్లులో చెక్క పేరు లేకపోతే అడగండి, రాయకపోతే కొనకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఒకటి చెప్పి ఇంకొకటి అంటగడితే జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు, కానీ బిల్లు మీద "డైనింగ్ టేబుల్ 1" అని మాత్రమే ఉంటే అక్కడికి వెళ్లి చూపించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

మీ ఆదివారం పేజీలో రంగుల ఫొటోలతో పాటు ఈసారి ఈ పద్ధతి గురించి కూడా ఒక కథనం వెయ్యండి. అడితుల వాళ్లనీ, అటవీ కళాశాల వాళ్లనీ, పరిశ్రమల శాఖ వాళ్లనీ అడిగి రాయండి. చెక్క ముక్కలు చూడాలంటే మా వర్క్‌షాపులో ఉన్నాయి, కోసి చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఫర్నిచర్ వర్క్‌షాపు యజమాని,
తూర్పు గోదావరి జిల్లా